ఏ పిండో రాయలేదు!

పేరు చూసి మోసపోవద్దంటారు పెద్దలు. మా ఇంట్లో ఆ సంగతి వంటగదిలోనే తెలుస్తుంది. బోర్న్‌విటా సీసాలో ధనియాలుంటాయి. బిస్కెట్ల డబ్బాలో మినప్పప్పు. నెయ్యి డబ్బాలో చింతపండు. మరి నెయ్యి? అదెప్పుడో ఊరగాయ కొన్న సీసాలో! ముప్ఫై ఏళ్లుగా అమ్మ చెయ్యి మాత్రం ఒక్కసారీ తడబడలేదు. కరెంటు పోయినా సరే, ఏది కావాలంటే అదే అందుతుంది.

అక్క పురిటికని అమ్మ అమెరికా వెళ్లినప్పుడు బయటపడింది అసలు విషయం. ఓ ఆదివారం మధ్యాహ్నం నాన్నకు బజ్జీలు తినాలనిపించింది. వెతగ్గా వెతగ్గా పై అరలో ఒక స్టీలు డబ్బా దొరికింది. మూత మీద స్కెచ్ పెన్నుతో ‘పిండి’ అని రాసుంది. ఇంకేం... మూకుడు పొయ్యెక్కింది. మొదటి బజ్జీ నోట్లో పెట్టుకున్న నాన్న మొహం చూడాలి! అది శనగపిండి కాదు. మనవరాలికి నలుగు పెట్టడానికని అమ్మ పట్టించిన సున్నిపిండి. తీసుకెళ్లగా మిగిలింది డబ్బాలో పోసి వెళ్లింది. అడుగుదామంటే అక్కడ అర్ధరాత్రి. సాయంత్రం ఫోన్ చేస్తే అమ్మ పడీపడీ నవ్వి, ‘పిండనే రాశానుగా!’ అంది.

నిజమే. అబద్ధం రాయలేదు. కాకపోతే... ఏ పిండో రాయలేదు.

బజ్జీలు పోతే పోయాయి. ఇంకోసారి వేసుకోవచ్చు. కానీ పేరు సరిగా లేనందుకు పోయింది మళ్లీ దొరకనిదైతే? మా బాబాయ్ ఇంట్లో అదే జరిగింది. అదీ వంటింట్లో కాదు, కంప్యూటర్ దగ్గర.

‘క్లీన్’ అంటే...

బాబాయ్ రిటైర్డ్ హెడ్మాస్టరు. తాతయ్య చివరి రోజుల్లో చెప్పిన కబుర్లన్నీ ఫోన్లో రికార్డు చేశాడు. చిన్నప్పటి ఉప్పెన సంగతి, నానమ్మతో పెళ్లిచూపులు, పొలం తగాదాలు... మొత్తం పద్నాలుగు రికార్డింగులు. వాటిని ఒక హార్డ్ డిస్కులో దాచాడు. తర్వాత ఆ ఫోన్ పాడైంది. తాతయ్యా పోయారు. ఇంట్లోని పాత ఆల్బమ్‌లు స్కాన్ చేయించి ఆ ఫొటోల్ని కంప్యూటర్లో పెట్టుకున్నాడు. అవి కూడా డిస్కులోకి చేరాలి. ఎలాగని కొడుకుని అడిగాడు.

తమ్ముడిది బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రోజూ చేసే పనేగా... అరగంటలో చిన్న ప్రోగ్రామ్ రాసి పంపాడు. పేరు టైపు చేసి ఎంటర్ కొడితే ఫొటోలన్నీ డిస్కులోకి వెళ్తాయి. దాంతోపాటు వాడుకోదగ్గ ఆప్షన్లూ ఓ నాలుగు రాశాడు. అందులో ఒకటి ‘క్లీన్’. బాబాయ్ పద్ధతి గల మనిషి. నాలుగూ చదివి, అదేదో బాగుందని ఆ మాట కూడా చేర్చి ఎంటర్ కొట్టాడు.

ప్రోగ్రామ్ ముందుగా డిస్కులో ఉన్నదంతా ఊడ్చేసింది. తర్వాత ఫొటోల్ని బుద్ధిగా కాపీ చేసింది. తమ్ముడి మనసులో ‘క్లీన్’ అంటే అదే... పాతదంతా తుడిచి కొత్తగా మొదలుపెట్టడం. మరి బాబాయ్‌కి?

‘ముప్ఫై నాలుగేళ్లు పిల్లల చేత ఫెయిర్ కాపీలు రాయించినవాణ్ని. క్లీన్ అంటే కొట్టివేతల్లేకుండా శుభ్రంగా ఎత్తి రాస్తుందనుకున్నాన్రా!’

ఇద్దరికీ ఇంగ్లిష్ వచ్చు. ఇద్దరూ చెప్పిన అర్థం నిఘంటువు ఒప్పుకునేదే. తప్పల్లా ఆ పేరుదే. పద్నాలుగు రికార్డింగుల్లో నాలుగు మాత్రం అత్తయ్య ఫోన్లో దొరికాయి, ఎప్పుడో వాట్సాప్‌లో పంపాడు కాబట్టి. మిగతా పది దొరకలేదు. పెళ్లిచూపుల కథ ఆ పదిలోనే ఉంది.

టీ ఒకటి... వితౌట్!

ఇంతకీ ఏమిటీ ఆప్షన్లు? మీ ఇంట్లోనో పక్కింట్లోనో సాఫ్ట్‌వేర్ కుర్రాడుంటే చూసే ఉంటారు. నల్లటి తెర మీద అక్షరాలు టకటకా కొడుతుంటారు. బొమ్మలుండవు, మౌస్‌తో నొక్కే బటన్లుండవు. ఏం కావాలో టైపు చేసి ఎంటర్ కొట్టడమే. దాన్నే కమాండ్ లైన్ అంటారు. మనం టికెట్లు తీసుకునే వెబ్‌సైట్ల వెనకా, డబ్బులు పంపే యాప్‌ల వెనకా ఉన్న సర్వర్లను నడిపేది చాలావరకు ఈ పద్ధతిలోనే.

టీ కొట్టు దగ్గరకెళ్లి ‘ఒక టీ’ అన్నారనుకోండి. అది కమాండ్. ‘ఒక టీ... వితౌట్’ అన్నారనుకోండి. ఆ ‘వితౌట్’ ఆప్షన్. చేసే పని అదే, చేసే తీరు మారుతుంది. సరే, వితౌట్ అంటే ఏది లేకుండా? మనకైతే తెలుసు, చక్కెర లేకుండా. కొత్తగా ఊరొచ్చినవాడు పాలు లేకుండా అనుకుంటే? ‘చక్కెరా సార్, పాలా?’ అని కొట్టువాడు అడుగుతాడు. గొడవ లేదు.

కంప్యూటర్ అలా అడగదు. చెప్పింది చెప్పినట్టు చేసేస్తుంది. చెప్పినవాడి మనసులో ఏముందన్నది దానికి అక్కర్లేదు. అందుకే ఆ ఒక్క మాటా ఎలా ఉండాలన్నది చిన్న విషయం కాదు.

సెకనుకు పది అక్షరాలే!

ఈ పేర్ల తికమకకు మూలం వెతుక్కుంటూ వెళ్తే 1969లో తేలతాం. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యునిక్స్‌కు శ్రీకారం చుట్టిన ఏడాది అది. అప్పుడు వాళ్ల ముందు ఇప్పటిలాంటి తెరలు లేవు. టెలిటైప్ అనే యంత్రం మీద టైపు చేస్తే కాగితం మీద అచ్చయ్యేది. దాని వేగం... సెకనుకు పది అక్షరాలు! మీటలు కూడా గట్టిగా నొక్కితేగానీ కదలవు. ఒక్కో అక్షరం మిగిలితే అంత సుఖం.

అందుకే ‘లిస్ట్’ కాస్తా ‘ఎల్ఎస్’ అయింది. ‘కాపీ’ని ‘సీపీ’ చేశారు. ‘మూవ్’ని ‘ఎంవీ’, ‘రిమూవ్’ని ‘ఆర్ఎం’. ఇక ఆప్షన్లకైతే ముందో చిన్న గీత, పక్కన ఒకే ఒక్క అక్షరం. మన దగ్గర 2013 జులై దాకా నడిచిన టెలిగ్రామ్ గుర్తుందా? మాటకింత అని లెక్క. ‘మదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ’తో సరిపెట్టేవాళ్లం. ఇదీ అలాంటి పొదుపే.

పైగా వాడేవాళ్లంతా అక్కడక్కడే ఉండేవాళ్లు. అర్థం కాకపోతే లేచి పక్క గదికెళ్లి అడిగితే సరి. అమ్మ వంటింట్లో ఉన్నంతకాలం డబ్బాల మీద ఏముంటే ఏం? తిప్పలన్నీ ఆమె ఊరెళ్లాక మొదలయ్యాయి. యునిక్స్‌కీ అంతే. బెల్ ల్యాబ్స్ గోడలు దాటి విశ్వవిద్యాలయాలకీ, కంపెనీలకీ, చివరికి మన హైదరాబాద్, బెంగళూరుల దాకా వచ్చింది. పక్క గదిలో అడుగుదామంటే థాంప్సన్ లేడు!

ఆ పొదుపు మరీ ఎక్కువైందని ఆయనకూ అనిపించింది. ఫైలుని సృష్టించే ఆదేశానికి ‘క్రియేట్’ అని పేరు పెడుతూ ఇంగ్లిష్ స్పెల్లింగులో చివరి ‘ఇ’ని ఎగరగొట్టారు. యునిక్స్‌ని మళ్లీ తయారుచేస్తే ఏం మారుస్తారని తర్వాతెప్పుడో అడిగితే, ఆ ‘ఇ’ని పెడతానన్నాడాయన. సరదాకే అన్నాడు. కానీ ఆ అక్షరం నేటికీ అక్కడ లేదు.

ఒక్క అక్షరం... నాలుగు పనులు

ఇంగ్లిష్‌లో ఉన్నవి 26 అక్షరాలు. పనులేమో వందలు. ఏమవుతుంది? ఒకే అక్షరం నలుగురు పంచుకోవాల్సి వస్తుంది. ఇంటి నంబరు లేకుండా ‘పి.రావు’ అని మాత్రమే రాసిన ఉత్తరం ఒకటి మీ వీధికొస్తే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు? ప్రసాదరావు, పాండురంగారావు, పూర్ణచంద్రరావు... ఎవరికివ్వాలి?

‘-వి’ సంగతి చూడండి. చాలాచోట్ల దానర్థం ‘చేసేదంతా వివరంగా చెప్పు’. కొన్నిచోట్ల ‘నీది ఎన్నో వెర్షనో చెప్పు’. ఫైళ్లలో మాటల్ని వెతికిపెట్టే ‘గ్రెప్’ దగ్గర మాత్రం ‘ఈ మాట లేని వరసలే చూపించు’. అంటే పూర్తిగా తిరగేసిన అర్థం!

‘-ఎఫ్’ మరీ విచిత్రం. ‘ఆర్ఎం’ దగ్గర ‘అడగొద్దు, తీసెయ్’ అని. ‘టెయిల్’ దగ్గర ‘కొత్తగా చేరేదాన్ని వెంటాడుతూ చూపించు’ అని. ‘టార్’ దగ్గర ‘ఫైలు పేరు ఇదిగో’ అని. ‘-హెచ్’ అంటే చాలా ప్రోగ్రాములకు ‘హెల్ప్’. డిస్కులో ఖాళీ ఎంతుందో చెప్పే ‘డీఎఫ్’కి ‘మనిషికి అర్థమయ్యేలా లెక్క చెప్పు’. ‘షట్‌డౌన్’కైతే ‘మిషన్ ఆపెయ్’. సాయం చెయ్యమని అడిగితే మెయిన్ ఆఫ్ చేసినట్టు!

‘-ఐ’ చేసే మోసం ఇంకా పెద్దది. ‘ఆర్ఎం’ దగ్గర అది కాపలాదారు. ‘తీసెయ్యమంటారా?’ అని ఒక్కో ఫైలుకీ అడుగుతుంది. అక్కడ అలవాటుపడ్డవాడు ‘సెడ్’ దగ్గరకెళ్తే అదే అక్షరం అసలు ఫైలునే దిద్దేస్తుంది. ఒకచోట కాపలా, ఇంకోచోట కత్తెర!

దూరాన ఉన్న కంప్యూటర్‌తో మాట్లాడించే ‘ఎస్ఎస్‌హెచ్’లో పోర్టు నంబరు చెప్పాలంటే చిన్న ‘పి’ వాడాలి. దాని తోడబుట్టినదే, ఫైళ్లు పంపే ‘ఎస్‌సీపీ’. అందులో పోర్టుకి పెద్ద ‘పి’. ఎందుకంటే అక్కడ చిన్న ‘పి’ సీటు ముందే నిండిపోయింది, ఫైలు తేదీల్ని ఉన్నవున్నట్టు ఉంచమనే పనికి. పాతికేళ్ల అనుభవం ఉన్నవాళ్లూ ఈ రెండింటి దగ్గరా తడబడుతుంటారు. తడబడినందుకు తమనే తిట్టుకుంటారు... పేరు పెట్టినవాణ్ని కాదు!

గీత పక్కన మరో గీత

దీనికి విరుగుడు 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు ప్రోగ్రాముల ద్వారా బాగా ప్రచారంలోకి వచ్చింది. ఒక గీత పక్కన అక్షరమైతే, రెండు గీతల పక్కన పూర్తి మాట. ‘--హెల్ప్’, ‘--వెర్షన్’, ‘--రికర్సివ్’... ఎవరికైనా చదవగానే ఎంతోకొంత తెలుస్తుంది. అలవాటైనవాళ్ల కోసం పాత అక్షరాల్నీ ఉంచారు. ఒకే పనికి పొట్టిపేరు, అసలు పేరు అన్నమాట. ఇంట్లో ‘చిన్ని’ అని పిలుచుకున్నా, పెళ్లి శుభలేఖలో ‘చి.ల.సౌ. సత్యవాణి’ అని వేయించమూ... అలాగే!

ఇంకో మంచి పనీ చేశారు. ఒక ప్రోగ్రామ్‌లో ఒక పనికి ఏ మాట వాడారో మిగతావాటిలోనూ వీలైనంతవరకు అదే వాడమని, పేర్ల జాబితానే తయారుచేసి అందరి ముందూ పెట్టారు. ఇది పేరు బాగుండటం కంటే ముఖ్యం. ‘లోపలికి’, ‘బయటికి’ అన్న బోర్డులు ఊరంతా ఒక్కలాగే ఉంటేనేగా, కొత్త హాస్పిటల్‌కి వెళ్లినా దారి తెలిసేది!

పొడుగైతే చాలా?

ఇక్కడే ఉంది తిరకాసు. బాబాయ్‌ని ముంచిన ‘క్లీన్’ పొట్టి అక్షరమేం కాదు. పూర్తి మాటే. అమ్మ రాసిన ‘పిండి’ కూడా పూర్తి మాటే. మాట నిండుగా ఉన్నంత మాత్రాన అర్థం నిండుగా ఉండదు.

పేరున్న ప్రోగ్రాములకూ ఈ చిక్కు తప్పలేదు. రెండు చోట్ల ఉన్న ఫైళ్లను సరిసమానం చేసే ‘ఆర్‌సింక్’ 1996 నుంచీ ఉంది. ఎంతో నమ్మకస్తురాలు. అందులో ‘--డిలీట్’ అని ఒక ఆప్షన్ ఉంది. డిలీట్ అంటే తీసెయ్యడం, సరే. ఏది? ఎక్కడ? పంపేచోటా, అందుకునేచోటా? జవాబు: అందుకునేచోట ఎక్కువగా ఉన్న ఫైళ్లు. తెలిసినవాడికి ఇబ్బంది లేదు. మొదటిసారి చూసినవాడు, అందులోనూ మూల ఫోల్డరు, చేరాల్సిన ఫోల్డరు అటూఇటూ రాసినవాడు... ఆ రోజు వాడి జాతకం బాగుండాలి!

రెండు పనులకు ఒకే పేరు పెట్టడం మరో పొరపాటు. ప్రోగ్రామర్లు తమ కోడ్‌ని దాచుకునే ‘గిట్’ని 2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టారు. అందులో ‘చెకౌట్’ అనే కమాండ్ ఒకరకంగా రాస్తే ఒక శాఖ నుంచి మరో శాఖకు మారుస్తుంది. ఇంకోరకంగా రాస్తే మీరు ఫైలులో పొద్దుట్నుంచీ చేసిన మార్పుల్ని చెరిపేసి పాతరూపానికి తెస్తుంది. ఒకటి గది మారడం, రెండోది గదిలో సామాను పారేయడం. రెండింటికీ ఒకే తాళం చెవి! చివరికి 2019 ఆగస్టులో వచ్చిన వెర్షన్‌లో ఆ పనుల్ని విడదీశారు. మారడానికి ‘స్విచ్’, పాతరూపానికి ‘రిస్టోర్’. పేరు చూస్తేనే పని తెలుస్తోంది కదా! అలవాటైనవాళ్ల కోసం ‘చెకౌట్’ని మాత్రం అలాగే ఉంచారు.

అర్థాలు ఊరికో రకంగా మారితే ఇంకా ప్రమాదం. ‘కిల్ఆల్’ అనే కమాండ్ లినక్స్‌లో ఫలానా పేరున్న ప్రోగ్రాముల్ని మాత్రమే ఆపుతుంది. సొలారిస్‌లో అదే మాట మిషన్ మీద నడుస్తున్న ప్రోగ్రాములన్నింటినీ ఆపేస్తుంది. నిజానికి పేరుకు తగ్గట్టు ప్రవర్తించేది రెండోదే. అయినా లినక్స్ నుంచి వచ్చినవాడికి కొంపలంటుకునేదీ దాంతోనే!

భయపెట్టే పేరే మంచిది

పురుగుమందు డబ్బా మీద పుర్రె బొమ్మ ఎందుకేస్తారు? అందంగా ఉంటుందని కాదు. కొన్ని ఆప్షన్లకూ అలాంటి బొమ్మ కావాలి.

ఇంటర్నెట్ నుంచి సమాచారం తెచ్చిపెట్టే ‘కర్ల్’ 1998 నుంచి వాడుకలో ఉంది. అవతలి సర్వర్ అసలుదా, దొంగదా అన్న తనిఖీని వదిలెయ్యమనే ఆప్షన్ అందులో ఒకటుంది. దాని పొట్టి పేరు ‘-కె’. ఏమైనా అర్థమైందా? పొడుగు పేరు ‘--ఇన్‌సెక్యూర్’... అంటే భద్రత లేనిది! పని ఒకటే. కానీ మొదటి పేరుతో రాసినవాడు నిశ్చింతగా ఎంటర్ కొడతాడు. రెండోదానితో రాసినవాడు ఒక్క క్షణం ఆగుతాడు. ఆ క్షణమే కావాల్సింది.

పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే ‘పిప్’ 2023లో ఇంకో అడుగు ముందుకేసింది. లినక్స్ కంప్యూటర్ తన సొంత పనులకు వాడుకునే పైథాన్‌లో మనం వేలు పెడితే మొత్తానికే మోసం రావచ్చు. అందుకని కుదరదంటుంది. కాదూ కూడదంటే ఈ ఆప్షన్ రాయాలి: ‘--బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్’. అంటే... ‘నా సిస్టమ్‌ని పాడుచెయ్’! చేతులారా ఆ మాట టైపు చేశాక, తెలియక చేశాననడానికి లేదు.

కంప్యూటర్ మొత్తాన్నీ వేళ్లతో సహా పెకలించే ఆదేశాన్ని గ్నూ ‘ఆర్ఎం’ ఇప్పుడు ఊరికే ఒప్పుకోదు. ‘--నో-ప్రిజర్వ్-రూట్’ అని అంత పొడుగూ రాస్తేనే కదులుతుంది. ఇక్కడ పొడుగే రక్ష.

అయితే భయపెట్టడం వేరు, వెక్కిరించడం వేరు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఒక మంచి కాపలా ఉంది. ఏ వరసలో చెప్పకుండా ‘తీసెయ్’ అంటే ఒప్పుకోదు. దాని పేరు ‘--సేఫ్-అప్‌డేట్స్’. చక్కటి పేరు. దానికే సరదాగా మారుపేరు ఒకటి పెట్టారు... ‘--ఐ-యామ్-ఎ-డమ్మీ’! ‘నేనో మొద్దుని’ అని. నవ్వొస్తుంది, నిజమే. కానీ ఆఫీసులో పదిమంది చూస్తుండగా కొత్తగా చేరిన అమ్మాయి ఆ మాట టైపు చేస్తుందా? కాపలా అవసరమైంది ఆమెకే. సిగ్గుపడి వాడకపోతే ఆ కాపలా ఉండీ దండగే.

ఉత్తుత్తిగా చేసి చూపించు

చిన్నప్పుడు ఆటలో మొదటి విడత ‘ఉత్తుత్తి’ది అనేవాళ్లం. ఓడినా లెక్కలోకి రాదు. కంప్యూటర్లోనూ అలాంటి ఆప్షన్ ఉంది. పని నిజంగా చెయ్యకుండా, చేస్తే ఏమేం జరుగుతాయో చూపిస్తుంది. దీనికి బాగా స్థిరపడ్డ పేరు ‘డ్రై-రన్’. ‘మేక్’ అనే ప్రోగ్రామ్ గ్నూ రూపంలో ఈ ఒక్క పనికే మూడు పొడుగు పేర్లున్నాయి. ‘జస్ట్-ప్రింట్’, ‘డ్రై-రన్’, ‘రీకాన్’. చివరిది మన పేపర్లలో కనిపించే ‘రెక్కీ’నే!

నన్నడిగితే వీటన్నిటికంటే మంచి పేరు మైక్రోసాఫ్ట్ వాళ్లది. 2006లో వచ్చిన పవర్‌షెల్‌లో దానికి ‘వాట్‌ఇఫ్’ అని పెట్టారు. ‘చేస్తే ఏమవుతుంది?’ అని. వాడేవాడి మనసులో ఉన్న ప్రశ్నే ఆప్షన్ పేరైంది. ‘క్లీన్’తోపాటు ఇలాంటిదొకటి ఉండి, బాబాయ్ ముందు దాన్ని వాడుంటే... ‘పద్నాలుగు ఫైళ్లు చెరిగిపోతాయి’ అని తెరమీద కనబడేది.

బారసాల ఒక్కసారే

తప్పుంటే తర్వాత మార్చుకోవచ్చుగా అనిపిస్తుంది. మన పిల్లల సంగతే చూడండి. బళ్లో చేర్చేటప్పుడు హడావుడిలో పేరులో ఒక అక్షరం తేడాగా పడుతుంది. అది టెన్త్ సర్టిఫికెట్లోకి ఎక్కుతుంది. అక్కణ్నుంచి పాన్ కార్డు, పాస్‌పోర్టు, వీసా... ఇక ఆ పిల్లాడి పేరు అదే!

‘మేక్’ని 1976లో బెల్ ల్యాబ్స్‌లోనే స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాశారు. అందులో కొన్ని వరసలు ట్యాబ్ మీటతోనే మొదలవ్వాలి. స్పేస్ కొడితే కుదరదు. కంటికేమో రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇదో తలనొప్పని ఆయనకూ త్వరలోనే తెలిసింది. కానీ అప్పటికే ఓ డజను మంది వాడుతున్నారు. వాళ్ల పనులు ఆగిపోతాయని ఊరుకున్నారు. ఆ డజను మంది ఇబ్బంది పడకూడదనుకున్న పాపానికి దాదాపు యాభై ఏళ్లుగా ఎంతమంది జుట్టు పీక్కున్నారో!

వెబ్‌లో మీరు ఏ పేజీ నుంచి వచ్చారో చెప్పే ఒక శీర్షిక ఉంది. ‘రిఫరర్’ అనాలి. స్పెల్లింగులో ఒక ‘ఆర్’ జారిపోయింది. 1996లో వెలువడిన ప్రమాణ పత్రంలోనూ అలాగే ఉంది. ఇవాళ్టికీ ప్రపంచంలోని బ్రౌజర్లన్నీ ఆ తప్పునే ఒప్పుగా రాస్తున్నాయి. దిద్దితే ఎక్కడేం ఆగుతుందోనని భయం మరి!

ఇప్పుడైతే ఇంకో సంగతి కూడా ఉంది. కమాండ్‌ని మనమే రాయక్కర్లేదు. ఏఐని అడిగితే రాసిచ్చేస్తుంది. మన పని దాన్ని చదివి ఎంటర్ కొట్టడం. రాయడం రానివాళ్లూ కొట్టేస్తున్నారు. అంటే పేరు చూసి అర్థం చేసుకోవాల్సిన అవసరం పెరిగిందే కానీ తగ్గలేదు.

పేరు పెట్టేముందు...

కంప్యూటర్ చదువుతున్న పిల్లలుంటే ఈ నాలుగు ముక్కలూ చదివి వినిపించండి. ఆఫీసు ఫైళ్లకీ, ఇంట్లో డబ్బాలకీ కూడా పనికొస్తాయి.

* ‘ఏం చేస్తుంది?’తో ఆగొద్దు. ‘దేన్ని?’, ‘ఎక్కడ?’ అనేవి కూడా పేరులో ఉండాలి.

* ఒక్క అక్షరం పేరు రోజూ వాడేవాటికే ఇవ్వండి. ఎప్పుడో ఒకసారి వాడేవాటికీ, వాడితే నష్టం తెచ్చేవాటికీ పూర్తి పేరు మాత్రమే ఉంచండి.

* నలుగురూ ఒక మాటకు అలవాటుపడి ఉంటే మీరు కొత్తది కనిపెట్టొద్దు. ‘హెల్ప్’ని హెల్ప్ అనే అనండి.

* ‘వద్దు’ను వద్దనే పేర్లు పెట్టొద్దు. ‘చూపించకుండా ఉండటం ఆపు’ అంటే చూపించమనా, వద్దనా?

* చెరిపే పని ఏదైనా సరే, ఉత్తుత్తిగా చేసి చూపించే ఆప్షన్ ఒకటి పక్కనే ఉంచండి.

* అన్నిటికంటే ముఖ్యం... పేరు పెట్టాక ఆ పని గురించి ఏమీ తెలియని ఒకరికి ఫోన్ చేసి ఆ మాట ఒక్కటే చదివి వినిపించండి. ‘ఇదేం చేస్తుందనుకుంటున్నారు?’ అని అడగండి. వాళ్లు చెప్పింది తప్పయితే మార్చాల్సింది పేరుని.

ఈ చివరిది తమ్ముడి దగ్గర నేర్చుకున్నదే. ఆ మధ్య తన ప్రోగ్రామ్‌ని తిరగరాశాడు. ‘క్లీన్’ తీసేసి ‘--డిలీట్-ఎవ్రీథింగ్-ఆన్-డిస్క్-ఫస్ట్’ అని పెట్టాడు. బారెడు పొడుగు. అది రాసినా సరే, ఎన్ని ఫైళ్లు పోతాయో చూపించి ఆగుతుంది. ఇవ్వబోయే ముందు బెంగళూరు నుంచి ఫోన్ చేసి, పేరొక్కటే చదివి, ఏం చేస్తుందో చెప్పమన్నాడు. బాబాయ్ కాసేపు మాట్లాడలేదు. ‘డిస్కులో ఉన్నదంతా ముందు చెరిపేస్తుంది’ అన్నాడు. ఆ తర్వాత మెల్లగా, ‘మొదట్లోనే ఇలా రాసుంటే అసలు ముట్టుకునేవాణ్నే కాదురా’ అన్నాడు. తమ్ముడు ఏం చెబుతాడు? పెళ్లిచూపుల కథ నానమ్మ చెబితే మళ్లీ రికార్డు చేద్దామన్నాడు. ఈసారి రెండు చోట్ల దాస్తారట.

అమ్మ కూడా అమెరికా నుంచి వచ్చేసింది. వచ్చిన మర్నాడే స్కెచ్ పెన్ను అడిగి తీసుకుంది. బోర్న్‌విటా సీసాలో ధనియాలు ఇప్పటికీ ధనియాలే, నెయ్యి డబ్బాలో చింతపండు చింతపండే. పై అరలోని స్టీలు డబ్బా మీద మాత్రం రాత మారింది.

‘సున్నిపిండి. బజ్జీలకు కాదు.’